నడిరాత్రి నిద్రకు చోటేది?

డిసెంబరు, జనవరి నెలల్లో శనివారం రాత్రి నర్సీపట్నం సరిగ్గా నిద్రపోదు. పన్నెండు దాటాక వరస మొదలవుతుంది. విశాఖ నుంచి, కాకినాడ నుంచి, రాజమండ్రి నుంచి కార్లు, బైకులు, టెంపో ట్రావెలర్లు ఊరి మధ్య నుంచి చింతపల్లి రోడ్డు పడతాయి. లంబసింగి ఇక్కడికి ముప్పై కిలోమీటర్ల దూరం, సముద్ర మట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు. అక్కడ చూడాల్సింది తెల్లారగట్ల రెండు గంటల్లోనే ఉంటుంది. చెరువులవేనం కొండ మీది నుంచి మబ్బుల్ని చూడాలంటే ఎండెక్కకముందే చేరాలి. అంటే ఈ యాత్ర మొదలయ్యేదే నిద్ర మానుకుని. పగలంతా ఉద్యోగం చేసిన మనిషి రాత్రి భోంచేసి, ఒంటిగంటకు స్టీరింగు పట్టుకుని, మూడున్నరకు డౌనూరు దాటి ఘాట్ ఎక్కుతాడు. ఆదివారం మధ్యాహ్నం అదే మనిషి, అదే కారు, వెనక సీట్లో అందరూ నిద్రపోతుండగా వెనక్కి దిగుతాడు.

ఇటు కోటవురట్ల మీదుగా దిగి అడ్డరోడ్డు దగ్గర పదహారో నంబరు జాతీయ రహదారి ఎక్కితే ఇంకో రకం రాత్రి కనిపిస్తుంది. చెన్నై, కోల్‌కతాల మధ్య తిరిగే లారీలు, కంటైనర్లు, చేపల బళ్ళు, ట్రావెల్స్ బస్సులు. పాత ఐదో నంబరు రోడ్డే ఇది. దీని మీద లారీ నడిపేవాళ్ళకు ఇల్లు నెలకు కొన్ని రోజులే. మిగతా రాత్రుళ్ళు క్యాబిన్‌లోనే. వాళ్ళు పడుకునే చోట్లు చూస్తే పెట్రోలు బంకు వెనక ఖాళీ స్థలం, దాబా ముందు మట్టి నేల, టోల్ గేటు దాటాక వెడల్పయిన మార్జిన్, సర్వీసు రోడ్డు చివర, ఒక్కోసారి మెయిన్ రోడ్డు అంచునే.

ఈ రెండు రకాల ప్రయాణికుల గురించీ మన దగ్గర చట్టాలున్నాయి, పోలీసుల హెచ్చరికలున్నాయి, పథకాలున్నాయి. ఎక్కడ ఆపకూడదో చెప్పే నిబంధన ఉంది. ఎంతసేపు నడపకూడదో చెప్పే నిబంధన ఉంది. ఈ రెంటి మధ్య మూడోది ఒకటుండాలి: ఇదిగో, ఇక్కడ ఆపి పడుకో అని చూపించే చోటు. అది లేకపోవడం వల్ల మొదటి రెండూ కాగితం మీదే ఉండిపోయాయి. ఈ వ్యాసమంతా చెప్పదలచుకున్నది అదే.

ముందు నిద్ర సంగతి. పదిహేడు గంటలు ఏకధాటిగా మేలుకున్న మనిషి చేతులు, కళ్ళు ఎంత చురుగ్గా ఉంటాయో 1990ల చివర్లో ఆస్ట్రేలియా పరిశోధకులు కొలిచి చూశారు. వంద మిల్లీలీటర్ల రక్తంలో యాభై మిల్లీగ్రాముల మద్యం ఉన్నవాడితో సమానమని తేలింది. మన మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను పెట్టిన హద్దు ముప్పై మిల్లీగ్రాములు. పొద్దున ఏడింటికి లేచి, రాత్రి పన్నెండున్నరకు బండి తీసిన లంబసింగి యాత్రికుడు చుక్క తాగకపోయినా, చట్టం తాగినవాడిగా లెక్కించే స్థితికన్నా మత్తులో ఉన్నాడన్నమాట. మద్యానికి ఊదే గొట్టం ఉంది, నిద్రకు లేదు. అందుకే ప్రమాదం జరిగాక ఎఫ్ఐఆర్‌లో ‘అతివేగం, అజాగ్రత్త’ అని రాస్తారు తప్ప నిద్ర అని రాయడం తక్కువ. దేశంలో 2023లో 4,80,583 రోడ్డు ప్రమాదాలు, 1,72,890 మరణాలు నమోదయ్యాయి. ఇందులో కునుకు వాటా ఎంతో ఆ లెక్కల్లోంచి నమ్మకంగా తీయలేం.

రాత్రి రెండు నుంచి ఐదు దాకా శరీరం తనంత తాను కిందికి వాలే సమయం. వంద కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు ఇరవై ఎనిమిది మీటర్లు పోతుంది. రెప్ప మూడు సెకన్లు మూతపడితే ఎనభై మీటర్లకు పైగా బండి ఎవరి చేతిలోనూ లేనట్టే. 2017 ఫిబ్రవరి 28 తెల్లవారుజామున అప్పటి కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలు మండలం ముండ్లపాడు దగ్గర ఓ ప్రైవేటు బస్సు కల్వర్టులో పడి పది మంది వరకు చనిపోయారు. అది భువనేశ్వర్ నుంచి హైదరాబాదు వెళ్తున్న బస్సు. ఆ రాత్రి మన అడ్డరోడ్డు మీదుగానే పోయి ఉంటుంది. డ్రైవరు అలసటే కారణమన్న అనుమానం అప్పుడే వచ్చింది. 2021 ఫిబ్రవరి 14న కర్నూలు జిల్లా వెల్దుర్తి మండలం మాదారపురం దగ్గర, మదనపల్లె నుంచి అజ్మీర్ బయల్దేరిన టెంపో ట్రావెలర్ డివైడరు దాటి ఎదురుగా వచ్చే లారీని గుద్దింది. పద్నాలుగు మంది పోయారు. అప్పుడు సమయం తెల్లవారుజామున నాలుగు దరిదాపు.

అయితే నిద్రపోకుండా నడిపేవాడు ఒక ప్రమాదమైతే, తప్పు చోట ఆగినవాడు రెండో ప్రమాదం. 2024 ఏప్రిల్ 25న కోదాడ దగ్గర ఆగి ఉన్న లారీని వెనక నుంచి కారు ఢీకొని ఒకే కుటుంబంలో ఆరుగురు చనిపోయారు. 2025 నవంబరు 2న రాజస్థాన్‌లోని ఫలోదీ దగ్గర ఆగి ఉన్న ట్రైలర్‌ను టెంపో ట్రావెలర్ గుద్ది పదిహేను మంది బలయ్యారు. ఆ నెలలోనే సుప్రీంకోర్టు తనంత తానుగా విచారణ చేపట్టి, హైవేల పక్కన అనుమతి లేని దాబాల మీద, వాటి ముందు ఆగే బళ్ళ మీద జాతీయ రహదారుల సంస్థను వివరాలు అడిగింది. కోర్టు ఆందోళన న్యాయమైనదే. కానీ దాబా తీసేస్తే లారీ ఆగడం మానదు. దీపం ఉన్న చోట ఆగే లారీ ఇక దీపం లేని చోట ఆగుతుంది. ఆ మాట కూడా ఎవరైనా కోర్టుకు గట్టిగా చెప్పాలి.

ఇక చట్టం సంగతి చూద్దాం. కారులోనో లారీలోనో పడుకోవడం మన దేశంలో నేరం కాదు. ఇది స్పష్టంగా తెలిసి ఉండటం మంచిది, ఎందుకంటే అర్ధరాత్రి అద్దం మీద కర్రతో కొట్టి లేపి, ‘ఇక్కడెందుకు పడుకున్నావు’ అని దబాయించినప్పుడు చాలామంది ఏదో తప్పు చేసినట్టే బెదిరిపోతారు. తప్పయ్యేది నిద్ర కాదు, బండి నిలిపిన చోటు. మోటారు వాహనాల చట్టం 122వ సెక్షను ప్రకారం ఇతరులకు ప్రమాదం, అడ్డంకి, అనవసరమైన ఇబ్బంది కలిగేలా బండిని బహిరంగ స్థలంలో నిలపకూడదు. 2017 నాటి డ్రైవింగ్ నిబంధనలు ప్రధాన రహదారి మీద, వేగంగా బళ్ళు తిరిగే రోడ్డు మీద పార్కింగ్ చేయొద్దని సూటిగానే చెప్పాయి. 127వ సెక్షను ప్రకారం పది గంటలు, అంతకుమించి దిక్కులేకుండా వదిలేసిన బండిని, లేదా పార్కింగ్ నిషేధమున్న చోట పెట్టిన బండిని పోలీసులు తరలించవచ్చు. లోపల మనిషి పడుకుని ఉన్న బండి వదిలేసిన బండి కిందికి రాదు. కానీ నిషేధమున్న చోటనో, రోడ్డుకు అడ్డంగానో ఉంటే ఆ వాదన నిలవదు. క్లుప్తంగా చెప్పాలంటే, తారు అంచున తెల్లగీత దాటి రోడ్డు వైపు మీ బండి చక్రం ఒక్కటి ఉన్నా అది మీకూ వెనక వచ్చేవాడికీ ప్రమాదమే. బంకులో, దాబా లోపలి స్థలంలో, లారీల లే-బైలో, టోల్ ప్లాజా పక్కన పార్కింగ్‌కు ఇచ్చిన జాగాలో యజమాని లేదా నిర్వాహకుడు ఒప్పుకుంటే చట్టం అడ్డురాదు.

నడిపే గంటల గురించి చట్టం ఇంకా పాతది. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది గంటలు అని గీత గీసింది. దూర ప్రయాణాల్లో అనుమతితో పది గంటలు. ఐదు గంటలు నడిపాక కనీసం అరగంట విరామం. ఒకరోజు డ్యూటీ దిగి మర్నాడు ఎక్కడానికి మధ్య వరసగా తొమ్మిది గంటల విశ్రాంతి. రాత్రి ఆగాల్సి వచ్చే చోట యజమాని విశ్రాంతి గదులు కట్టించాలని కూడా తొమ్మిదో సెక్షను చెప్పింది. మోటారు వాహనాల చట్టం 91వ సెక్షను ఈ గంటల్నే మళ్ళీ గుర్తుచేస్తుంది. చదివితే కడుపు నిండిపోయే చట్టమిది. కానీ వర్తించింది ఐదుగురు, అంతకు మించి కార్మికులున్న సంస్థలకే. మన ప్రాంతంలో లారీ అంటే చాలావరకు ఒక బండి, రెండు బళ్ళు ఉన్న యజమాని, ఫైనాన్సు వాయిదా కట్టుకుంటూ తనే స్టీరింగు ముందు కూర్చునే మనిషి. అతనికి యజమానీ అతనే, కార్మికుడూ అతనే. ఈ చట్టం స్థానంలోకి వచ్చిన 2020 నాటి వృత్తి భద్రత కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. అందులో హద్దు ఐదు నుంచి పదికి పెరిగింది. రక్షణ అవసరమైన చిన్న బండి మనిషి ఇంకాస్త బయటికి జరిగాడు. నాకు ఇందులో ఏ సమర్థనా కనిపించదు.

విశ్రాంతి గది అన్నది మన దగ్గర నిజంగా పనిచేసిన చోటు ఆర్టీసీ. డిపోల్లో డ్రైవర్లకు, కండక్టర్లకు మంచాలు, స్నానాల గది ఉంటాయి. దూరపు సర్వీసుల్లో ఇద్దరు డ్రైవర్లు ఉంటారు. అయినా పల్లెలకు నైట్ హాల్ట్ వెళ్ళే బస్సులో సిబ్బంది పడక ఇప్పటికీ ఎక్కువగా బస్సు సీట్లే, పంచాయతీ అరుగే. పెద్ద సంస్థకే పూర్తిగా కుదరని పని, ఒంటి లారీ మనిషి సొంతంగా ఎలా చేసుకోగలడు?

పోలీసులు తమకు చేతనైనది చేస్తున్నారు. రాత్రి రెండు గంటలకు హైవే మీద బండి ఆపి, డ్రైవరును దింపి, ముఖం కడిగించి పంపే కార్యక్రమం ఆంధ్రప్రదేశ్‌లో పలు జిల్లాల్లో నడిచింది. ఆ చలిలో నీళ్ళ డ్రమ్ము పక్కన నిలబడే కానిస్టేబులు మీద నాకు గౌరవమే. ఒడిశా ప్రభుత్వం 2022 చివర్లో దాబాల దగ్గర తెల్లవారుజామున లారీ డ్రైవర్లకు ఉచితంగా టీ ఇప్పిస్తామంది. మంచి మనసుతో చేసిన పనులే ఇవి. కానీ చన్నీళ్ళు, పాటలు, కిటికీ తెరిచి గాలి తగలనివ్వడం లాంటివి నిద్రను కొద్ది నిమిషాలే వాయిదా వేస్తాయి. టీలో, కాఫీలో ఉండే కెఫీన్ పనిచేయడానికే ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. ఆ ఇరవై నిమిషాలు ఏం చేయాలి? టీ తాగి, అక్కడే సీటు వాల్చుకుని కునుకు తీసి, లేచి నాలుగడుగులు నడిచి అప్పుడు బండి తీయాలి. అంటే ముఖం కడిగించే చోటే బండి పక్కకు పెట్టుకునే జాగా కూడా ఉండాలి. లేకపోతే కడిగిన ముఖంతో, అదే నిద్రతో మనిషిని మళ్ళీ చీకట్లోకి పంపుతున్నట్టే.

ఒకప్పుడు ఈ దారి మీద ఆ జాగా ఉండేది. ఏనుగుల వీరాస్వామి 1830లో మద్రాసు నుంచి కాశీ వెళ్ళి, 1831లో జగన్నాథం మీదుగా ఇదే తీరం వెంట తిరిగి వచ్చాడు. ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’ తిరగేస్తే మజిలీ మజిలీకీ ఆయన పట్టించుకున్నవి కనిపిస్తాయి: సత్రం ఉందా, నీళ్ళు మంచివా, అంగళ్ళున్నాయా, దిగడానికి వసతి ఉందా. ప్రయాణమంటే నడకా, ఆగడమూ రెండూ కలిసినదని ఆ కాలం వాళ్ళకు వేరే చెప్పాల్సిన పని లేదు. సత్రం కట్టించినవాడికి పుణ్యం, ఊరికి పేరు. ఆరు వరసల రోడ్లు వేసే ఈ రోజుల్లో ఆ లెక్క తప్పిపోయింది. కిలోమీటరుకు ఇంత తారు, ఇంత సిమెంటు అని అంచనా వేస్తాం కానీ, కిలోమీటరుకు ఇన్ని పడకలు అని ఎక్కడా వేయం.

కేంద్రం ఇటీవల ఈ వైపు కదిలింది. జాతీయ రహదారుల మీద నలభై నుంచి అరవై కిలోమీటర్లకు ఒకచోట విశ్రాంతి సముదాయాలు కట్టాలని నిర్ణయం. లారీ, టాక్సీ డ్రైవర్ల కోసం మొదటి విడతలో వెయ్యి భవనాలు కడతామని 2024 ఫిబ్రవరిలో ప్రధాని అన్నారు. అదే ఏడాది అక్టోబరు 8న ‘హమ్‌సఫర్’ విధానం వచ్చింది. శుభ్రమైన మరుగుదొడ్లు, పసిబిడ్డలకు గది, పార్కింగు, బంకుల దగ్గర డార్మిటరీలు అందులో ఉన్నాయి. ప్రభుత్వ చమురు సంస్థలు తమ బంకుల్లో ‘అప్నా ఘర్’ పేరుతో పది నుంచి ముప్పై మంచాల గదులు, స్నానానికి తొట్టి, వండుకోవడానికి జాగా ఏర్పాటు చేస్తున్నాయి. 2025 జులై 1 నాటికి దేశం మొత్తం మీద ఇలాంటివి 368, వాటిలో మంచాలు 4,611. ఒక్కో చోట పన్నెండు, పదమూడు మంచాలన్న మాట. ఒక్క రాత్రి ఒక పెద్ద దాబా ముందు ఆగే లారీల సంఖ్యతో పోల్చుకున్నా ఇది ఎంత చిన్న మొదలో అర్థమవుతుంది. మొదలు పెట్టడం మాత్రం సంతోషించాల్సిందే.

మంచం వేసినంత మాత్రాన డ్రైవరు దాని మీద పడుకుంటాడా అన్నది ఇంకో ప్రశ్న. ఈ సంగతి ఢిల్లీలో కూర్చుని పథకం రాసేవాళ్ళకు అంత తేలిగ్గా తట్టదు. అడ్డరోడ్డు ప్రాంతంలో ఏ బంకు ఆవరణలోకైనా రాత్రి రెండింటికి వెళ్ళి చూడండి. లారీ వెనక చక్రానికి రాయి అడ్డం పెట్టి ఉంటుంది. క్యాబిన్ అద్దానికి తువ్వాలు, లేదా భార్య పాత చీర ముక్క తెరలా కట్టి ఉంటుంది. సీటు వెనక బల్ల మీద డ్రైవరు, ఇంజను మీద పరుపు ముక్క వేసుకుని క్లీనరు. డ్రైవరు కాలు డీజిలు ట్యాంకు ఉన్న వైపు కిటికీ దగ్గరే ఉంటుంది, చప్పుడైతే లేవడానికి. ట్యాంకు మూతకు తాళం. అయినా పైపు పెట్టి డీజిలు లాగేవాళ్ళుంటారు, పట్టా కోసి సరుకు దించేవాళ్ళుంటారు, స్టెప్నీ విప్పుకుపోయేవాళ్ళుంటారు. పోయిన డీజిలు డబ్బు డ్రైవరు బేటాలోంచే కోస్తారు చాలా చోట్ల. అందుకే వంద అడుగుల దూరంలో ఏసీ డార్మిటరీ ఉన్నా అతను బండి వదిలి రాడు. మంచం కన్నా ముందు కావలసింది ప్రహరీ గోడ, వెలుతురు, కెమెరా, బాధ్యత తీసుకునే కాపలా మనిషి. 2025 అక్టోబరు 1 తర్వాత తయారయ్యే మధ్యస్థ, భారీ లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేసిన ఉత్తర్వు ఈ దృష్టితో చూస్తే విలువైనది, పడక ఎక్కడుందో చల్లదనం అక్కడికే వచ్చింది కనుక. కానీ ఇంజను ఆపితే ఏసీ ఉండదు. పాత లారీలు ఇంకో పదిహేనేళ్ళు రోడ్ల మీదే ఉంటాయి.

ఈ రోడ్డుకు దొంగతనం కన్నా ముదురు జ్ఞాపకం ఒకటుంది. 2008లో ఒంగోలు ప్రాంతంలో మున్నా ముఠా అధికారుల వేషంలో రాత్రిపూట లారీలు ఆపి, డ్రైవర్లను, క్లీనర్లను చంపి, సరుకుతో సహా బండి మాయం చేసింది. 2021 మేలో ఒంగోలు కోర్టు ఆ కేసుల్లో పన్నెండు మందికి ఉరిశిక్ష విధించింది. అప్పటి నుంచి చీకట్లో ఎవరు చెయ్యెత్తినా ఆగకూడదన్న మాట డ్రైవర్ల మధ్య నిలిచిపోయింది. నిజమైన పోలీసు కూడా ఆపాలనుకుంటే టోల్ గేటు దగ్గరో, దీపాలున్న జంక్షనులోనో ఆపడం ఇద్దరికీ క్షేమం.

నర్సీపట్నం నుంచి పైకి వెళ్ళే దారిలో పోలీసుల తనిఖీకి వేరే కారణముంది. మన్యం నుంచి గంజాయి దిగే దారుల్లో ఇదొకటి. 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం ‘ఈగల్’ విభాగం పెట్టాక నిఘా పెరిగింది. రాత్రి ఘాట్ రోడ్డు పక్కన ఆగి ఉన్న కారును చూసి పోలీసులు అనుమానించడంలో వింత లేదు. కుటుంబంతో పడుకున్నవాళ్ళకు అది అవమానంగా అనిపించడంలోనూ వింత లేదు. చెక్‌పోస్టు పక్కనే దీపాలతో ఒక పార్కింగు జాగా చూపించి, ‘నిద్ర వస్తే ఇక్కడ ఆపండి’ అని తెలుగులో బోర్డు పెడితే ఇద్దరి పనీ తేలికవుతుంది. తనిఖీ అయిన బండి పోలీసుల కళ్ళ ముందే ఉంటుంది. లోపలివాళ్ళు తెల్లారేదాకా ధైర్యంగా పడుకుంటారు.

చలి రాత్రి కారులో పడుకునేవాళ్ళకు ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. లంబసింగిలో ఐదు డిగ్రీల కిందికి పడిపోయిన రాత్రి, అద్దాలన్నీ బిగించి, ఇంజను నడుపుతూ హీటరు వేసుకుని పడుకోవడం ప్రాణాంతకం. సైలెన్సరు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, రంగు ఉండదు. పాత కారులో ఎక్కడ చిన్న చిల్లున్నా, వెనక గోడో గట్టో ఉండి పొగ నిలిచిపోయినా లోపలికి వస్తుంది. నిద్రలో ఉన్నవాడికి తల నొప్పెట్టడం కూడా తెలియదు. లారీ క్యాబిన్‌లో పంపు స్టవ్ మీద వండుకుని తలుపులు మూసి పడుకోవడం, మూసిన క్యాబిన్‌లో దోమల చక్రం వెలిగించడం కూడా అదే కోవ. ఇంజను ఆపాలి, రెండు వైపులా అద్దం రెండు వేళ్ళంత దించాలి, వెచ్చదనం కోసం దుప్పటి తెచ్చుకోవాలి. దోమలకు ఆ సందులో వల గుడ్డ పెట్టుకుంటే సరిపోతుంది.

మిగతా జాగ్రత్తలు అనుభవజ్ఞులకు తెలిసినవే. బంకులోకి వెళ్తే ముందు అక్కడి కుర్రాడికి చెప్పి, ఒక లీటరో రెండు లీటర్లో పోయించుకుని, కెమెరా కింద పెట్టుకోవాలి. బండి ముఖం బయటికి వెళ్ళే వైపు ఉండాలి. బంకుల్లో మంచినీళ్ళు, మరుగుదొడ్డి వాడుకోవడానికి డబ్బు అడగకూడదు, అది చమురు సంస్థలు బంకులకు పెట్టిన నిబంధనల్లోనే ఉంది. దారిలో బండి చెడి రోడ్డు పక్కన ఇరుక్కుపోతే లోపల పడుకోవద్దు. దిగి, రెయిలింగు అవతలికి వెళ్ళి 1033కు ఫోను చేయాలి. హైవే క్రేను వస్తుంది. వెనక యాభై మీటర్లకు తక్కువ కాకుండా త్రికోణపు రిఫ్లెక్టరు పెట్టాలి. రాళ్ళు, చెట్టు కొమ్మలు పేర్చడం మన దగ్గర పాత అలవాటు. బండి బాగై వెళ్ళిపోయాక ఆ రాళ్ళు అలాగే ఉండిపోతాయి, మర్నాడు రాత్రి ఏ బైకువాడో వాటి మీద పడతాడు.

ఆడవాళ్ళ సంగతి వేరుగా చెప్పాల్సి రావడమే బాధ. ఒంటరిగానో, పిల్లలతోనో కారు నడుపుకుంటూ వచ్చే స్త్రీకి ఈ రోడ్డు మీద రాత్రి పడుకునే చోటు దాదాపు లేదు. డార్మిటరీలు మగ డ్రైవర్లను ఉద్దేశించి కట్టినవి. ఆమెకు మిగిలినవి ఆసుపత్రి పార్కింగు, పోలీసు స్టేషను ముందు జాగా, ఆర్టీసీ కాంప్లెక్సు, లాడ్జి. అత్యవసరమైతే 112, 181, 2025 మార్చి నుంచి ఉన్న శక్తి యాప్. వీటిలో ఏదీ నిద్రకు చోటు కాదు. పర్యాటకం పేరుతో లక్షల మందిని కొండెక్కిస్తున్న ప్రభుత్వం కనీసం నర్సీపట్నంలో, చింతపల్లిలో కుటుంబాల కోసం ఒక్కో కాపలా పార్కింగు ఇవ్వలేదా?

బయటి దేశాల్లో ఈ ప్రశ్నకు రకరకాల జవాబులున్నాయి. అమెరికాలో మన పిల్లలు ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి రాత్రంతా నడుపుతుంటారు కనుక ఇది తెలుగు ఇళ్ళకు దూరపు విషయం కాదు. అక్కడ హైవే విశ్రాంతి స్థలాల్లో ఎంతసేపు ఉండొచ్చో రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. టెక్సాస్‌లో ఇరవై నాలుగు గంటలు, కాలిఫోర్నియాలో ఎనిమిది, ఫ్లోరిడాలో మూడు. గుడారం వేయనివ్వని చోట్లు ఎక్కువ, బండిలో కునుకు తీయనిచ్చే చోట్లు ఎక్కువ. లారీ డ్రైవరు పదకొండు గంటలకు మించి నడపకూడదు, ఆపైన పది గంటలు విశ్రాంతి తీసుకోవాలి. ఆ లెక్క బండిలోని యంత్రమే రాస్తుంది. ఇంత కట్టుదిట్టం చేశాక అక్కడా అదే ముడి పడింది: గంటలు అయిపోతాయి, ఆపడానికి జాగా ఉండదు. 2009 మార్చిలో జేసన్ రివెన్‌బర్గ్ అనే డ్రైవరు సరుకు దించే చోటుకు ముందే చేరి, లోపలికి రానివ్వకపోవడంతో సౌత్ కరొలైనాలో మూతపడ్డ ఓ బంకులో లారీ ఆపి పడుకున్నాడు. ఏడు డాలర్ల కోసం అతన్ని కాల్చి చంపారు. అతని భార్య పట్టుబట్టి పోరాడితే 2012లో లారీల పార్కింగు కోసం ‘జేసన్ చట్టం’ వచ్చింది. ఆ తర్వాత జరిపిన సర్వేలోనూ నూటికి తొంభై ఎనిమిది మంది డ్రైవర్లు క్షేమమైన చోటు దొరకడం కష్టంగానే ఉందన్నారు. ఐరోపాలో రోజుకు తొమ్మిది గంటలే, నాలుగున్నర గంటలకోసారి నలభై ఐదు నిమిషాల విరామం. వారాంతపు పూర్తి విశ్రాంతిని క్యాబిన్‌లో తీసుకోవడమే నిషిద్ధం. మనకు బాగా సరిపోయేది జపాన్ పద్ధతి అని నా అభిప్రాయం. 1993 నుంచి వాళ్ళు ‘మిచి నో ఎకి’ పేరుతో రోడ్డు పక్క స్టేషన్లు కట్టారు. ఇప్పుడవి పన్నెండు వందలకు పైనే. ఇరవై నాలుగు గంటలూ ఉచిత పార్కింగు, మరుగుదొడ్డి, పక్కనే ఆ ఊరి రైతులు అమ్ముకునే దుకాణాలు. అలసట తీరే దాకా పడుకోవచ్చు, మకాం పెట్టకూడదు. అనకాపల్లి బెల్లం, చింతపల్లి కాఫీ అమ్మే దుకాణం ఒకటి, దాని వెనక యాభై కార్లు పట్టే వెలుతురున్న జాగా ఒకటి నర్సీపట్నం శివారులో ఉంటే నడవదా? డబ్బు కూడా అదే సంపాదించుకుంటుంది.

లారీల సంగతి అంత సులువు కాదు, ఎందుకంటే వాళ్ళ నిద్ర సగం చెడేది రోడ్డు మీద కాదు, ఫ్యాక్టరీ గేటు ముందు. జేసన్‌కు జరిగిందీ అదే. సరుకు దించడానికి పిలుపెప్పుడొస్తుందో తెలియదు. వరసలో బండి జరపకపోతే వెనకవాడు ముందుకు పోతాడు. అందుకని అరగంటకోసారి లేస్తూ, రోడ్డు అంచున రాత్రంతా గడుస్తుంది. దించిన వెంటనే, నిద్ర లేకుండానే, తిరుగు లోడుకు పరుగు. 2020లో సేవ్‌లైఫ్ సంస్థ పది నగరాల్లో లారీ డ్రైవర్లను అడిగితే దాదాపు సగం మంది అలసటగా ఉన్నా, నిద్ర వస్తున్నా నడుపుతున్నామన్నారు. వాళ్ళను తప్పుపట్టే ముందు ఆ గేటు ముందు ఓ రాత్రి నిలబడి చూడాలి.

ఇప్పుడు ఈ మాట అనడానికి తొందర ఉంది. 2025 జనవరి 8న ప్రధాని నక్కపల్లి బల్క్ డ్రగ్ పార్కుకు శంకుస్థాపన చేశారు. అచ్యుతాపురం సెజ్ ఎప్పటి నుంచో ఉంది. నాతవరం వైపు నుంచి లేటరైట్ లారీలు తిరుగుతూనే ఉన్నాయి. రాజమండ్రి నుంచి కొయ్యూరు, చింతపల్లి, లంబసింగి, పాడేరు మీదుగా విజయనగరం పోయే 516ఇ రహదారి పూర్తయితే పైదారి కూడా బరువు బళ్ళకు తెరుచుకుంటుంది. వేంపాడు టోల్ గేటు దాటే లారీలు ఇక ముందు పెరుగుతాయే గాని తగ్గవు. నక్కపల్లిలో స్థలాల పంపకం, రోడ్ల నమూనా ఇంకా చేతిలో ఉన్నప్పుడే ఒక షరతు రాయించుకోవాలి. రోజుకు ఇన్ని లారీలు వచ్చే ఫ్యాక్టరీ తన ప్రహరీ లోపల అన్ని లారీలకు నిలిచే జాగా, నీళ్ళు, మరుగుదొడ్డి, వరస సంఖ్య ఇచ్చే చీటీ చూపిస్తేనే నిర్వహణ అనుమతి ఇవ్వాలి. చీటీ చేతిలో ఉంటే వరస పోతుందన్న భయం ఉండదు, డ్రైవరు తన నంబరు వచ్చేదాకా పడుకోగలడు. జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి కలెక్టరే అధ్యక్షులు కాబట్టి ఈ షరతు పరిశ్రమల అనుమతుల బల్ల మీదికి వెళ్ళడానికి వేరే చట్టం రానక్కర్లేదు.